గూడ్సు బండి పోయేదాకా

గుంతకల్లు స్టేషనుకు రెండు వీధుల అవతల
జిరాక్సు అంగడి మీద నా గది.
రెండు కుర్చీలు, ఒక కూజా,
గాలికన్నా చప్పుడు ఎక్కువిచ్చే ఫ్యాను.
గోడకేమీ లేదు.
మొదట్లో పసిపాప బొమ్మున్న క్యాలెండరు ఉండేది,
కింది మందుల షాపువాళ్ళు ఇచ్చింది.
ఆమె రెండోసారి చూపు తిప్పుకున్నాక గాని
నాకు తట్టలేదు.
మేకు ఇంకా ఉంది.

ఆమె రాయదుర్గంలో
జీన్సు ప్యాంట్లకు జిప్పులు కుడుతుంది.
తెలిసిన మొహం లేని ఊరు కావాలని
మంగళవారం మంగళవారం బండెక్కి ఇంత దూరం వస్తుంది.
గోళ్ళ చుట్టూ నీలం. ఎంత తోమినా పోదట.
ఫైల్లో వన్నూరమ్మ అని రాయించుకుంది.
అది వాళ్ళ అవ్వ పేరని
నాలుగో వారం చెప్పింది.

మొదటి వారం నేను తప్పు చేశాను.
"చాలా ధైర్యం చేశారు" అన్నాను.
"ధైర్యం యాడిది మేడం,
ఇద్దుర్ని సాకేకే అయితా లేదు" అనింది.
తర్వాత గంటసేపు
ఫ్యానొక్కటే మాట్లాడింది.

రెండో వారం ఫారం తీశాను.
దుఃఖం, పశ్చాత్తాపం, కోపం, ఉపశమనం.
ఒకదానికి టిక్కు పెట్టాలి.
పెన్ను పట్టుకొని చాలాసేపు చూసి
"అన్నీ ఒకే పొద్దులో వస్తే యాడ పెట్టల్ల?" అనింది.
ఫారం నాలుగు మడతలు పెట్టి
నా కుర్చీ కాలి కింద దోపాను.
అప్పట్నుంచి అది ఊగడం లేదు.

"ఆపొద్దు ఆస్పత్రి నుంచి ఇంటికి పోతి.
చిన్నోడు పండుకోనుండ. ఆకలాయ.
ఊరిబిండి ఏసుకోని రెండు ముద్దలు సంగటి తింటి.
కడుపు నిండా తింటి మేడం.
ఎట్ల తింటి?"

నా దగ్గర జవాబులున్నాయి.
పుస్తకాల్లోవి, సర్టిఫికెట్టుతో పాటు వచ్చినవి,
మెత్తగా, శుభ్రంగా, ఆస్పత్రి దూదిలా.
ఒక్కటీ బయటికి తీయలేదు.
"ఊరిబిండి కారముండెనా?" అన్నాను.
తలెత్తింది.
"శానా కారం. కండ్లల్లో నీళ్ళొచ్చె."
ఆగి,
"కారానికేనేమో" అనింది.
మళ్ళీ ఆగి,
"ఏమో."

ఐదో వారం గూడ్సు బండి వచ్చింది.
ఖనిజం బండి, యాభై ఎనిమిది పెట్టెలు.
కిటికీ రెక్కలు వణికాయి,
కూజా మీది గ్లాసు టకటకలాడింది.
ఆ చప్పుడు మొదలయ్యాకే
ఆమె నోరు విప్పింది.
పెదాలు కదులుతూనే ఉన్నాయి.
ఒక పేరు కావచ్చు. తిట్టు కావచ్చు.
మొగుణ్ణో, దేవుణ్ణో, నన్నో.
నేను ముందుకు వంగలేదు.
పెదాలు చదవాలని చూడలేదు.
మొహం మాత్రం తిప్పుకోలేదు.
బండి పోయింది.
గ్లాసు ఇంకొంచెం సేపు మోగి ఆగింది.

"ఇనపడిందా?"
లేదు.
"మళ్ళా చెప్పల్లనా?"
అక్కర్లేదు.

ఆమె భుజాలు దిగాయి,
ఒక అరంగుళం.
కుట్టుపని వాళ్ళు టేపు లేకుండా పట్టే కొలత.

ఆ సాయంత్రం నోట్సులో ఏం రాయాలో తెలీక
"గూడ్సు బండి పోయేదాకా కూర్చున్నాం" అని రాశాను.
పైవాళ్ళు ఎర్ర సిరాతో పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.
ఉండనిచ్చాను.

ఆరో వారం ఆమె రాలేదు. ఏడో వారమూ.
బాగయిందనుకోవడం నాకు సులువు.
బాగా లేదనుకోవడమూ సులువే.
రెండూ నా సౌకర్యానికే.
మంగళవారం కూజా నింపుతాను, అంతే.

నిన్నొక కాలేజీ పిల్ల వచ్చింది.
వాళ్ళమ్మ కింద జిరాక్సు అంగడి మెట్ల మీద
చీర కొంగు మడతపెడుతూ, విప్పుతూ.
పిల్ల గది చూసింది, మేకు చూసింది,
కూర్చోలేదు.
"ఇక్కడ చప్పుడెక్కువ కదా?" అనింది.
ఔను, నాలుగింటికి గూడ్సు బండి కూడా వస్తుంది, అన్నాను.
చేతి గడియారం చూసుకుంది.
మూడూ నలభై.
"అయితే ఉంటా" అని
కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది.