పెద్దపళ్ళ దువ్వెన

మేనత్త కూతురు భానురేఖ పెళ్ళికి ముందు
కాశీబుగ్గ పార్లర్లో మూడు గంటలు కూర్చుని
నాలుగు వేలకి జుత్తు సాపు చేయించుకున్నాను.
ఇస్త్రీ చీరలా పడింది వీపు మీద.
ఫోటోల్లో నన్ను నేను గుర్తుపట్టలేదు.
అదే గొప్పనుకున్నాను.

ఆరు నెలలకి
కుదుళ్ళ దగ్గర పాత గిరజాలు లేచాయి,
కొసలు మాత్రం చీపురుపుల్లలు.
ఒకే తల మీద ఇద్దరు మనుషులు,
వాళ్ళిద్దరికీ పడని చోట
పుటుక్కున తెగిపోయే వెంట్రుక.

పక్కింటి లోలాక్షి వారానికో కబురు తెచ్చేది.
ఉల్లిరసం. కోడిగుడ్డు. పుల్లపెరుగులో మెంతిపిండి.
అన్నీ పట్టించాను.
అమ్మ ముక్కు మూసుకుంది:
"అది తలకాయా, కూరదాకా?"
ఆగి, కొసలకేసి చూసి,
"కోసీ," అంది.
కోశాను. మెడ దాకా వచ్చింది.
రెండ్రోజులు చున్నీ కప్పుకుని తిరిగాను.

అమ్మ నా తల ముట్టుకోదు.
పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టే చేతులవి.
ఆముదం, బూడిద ఎంత రాసుకున్నా
పిక్కరసం గీతల్లోకి దిగి నల్లగా కూర్చుంది.
చిన్నప్పుడోసారి మరిచిపోయి జడ వేస్తే
నా చెవి వెనక బొబ్బ లేచింది.
మచ్చ ఇంకా ఉంది, సెనగగింజంత.
అప్పట్నుంచీ గడప మీద కూర్చుని
నోటితోనే దువ్వుతుంది నన్ను.

"పొడి జుత్తు మీద దువ్వెన పెట్టకే గుంటా.
కొసల కాడ మొదలెట్టి పైకి రా.
సిక్కు ఇడదియ్యాల గానీ పీకెయ్యకూడదు.
బేగేటి? బండెలిపోతందా?"

శనివారం రాత్రి కొబ్బరినూనె,
సోంపేట మావయ్య గానుగాడించి పంపేది.
తిత్లీ గాలికి ఆయన చెట్లు పడ్డాక
కొన్నేళ్ళు సీసా రాలేదు.
కొట్టు నూనె కొంటే అమ్మ వాసన చూసి
మాట్లాడకుండా మూత పెట్టేసింది.
ఇప్పుడు మళ్ళీ వస్తోంది, అర సీసా.
గోరువెచ్చన చేసి రెండు చెంచాలు.
తల తాగాలి గానీ
దిండు తాగకూడదంటుంది.

ఆదివారం కుంకుడుకాయలు.
మా బోరు నీళ్ళు ఉప్పన, ఎంత పోసినా గరుకు పోదు.
అందుకని ఆఖర్న
తాగే నీళ్ళ క్యాన్‌లోంచి ఒక్క చెంబు.
ఉద్దానంలో ఆ చెంబంటే ఏమిటో అందరికీ తెలుసు.
అమ్మే ముంచి గుమ్మంలో పెడుతుంది,
"నెమ్మదిగా పొయ్యి, రెండోది నేదు."

తువ్వాలు కాదు, నాన్న పాత లుంగీ.
రుద్దను. మెలిపెట్టను.
అన్నం ఉడికినంతసేపు చుట్టి వదిలేస్తాను.
తడి ఆరకముందే దువ్వెన,
ఇచ్ఛాపురం సంతలో పదిహేను రూపాయలది,
రెండు పళ్ళు ఊడాయి,
ఆ సందులోంచే చిక్కు బాగా వస్తుంది.

ఇంకేం లేదు.
కాలేజీలో అడుగుతారు, ఏం వాడుతున్నావే అని.
చెప్పడానికి సీసా మీద పేరేదీ లేక
"ఆదివారం" అంటాను.

మొన్న కార్తీకంలో అమ్మను గ్రేడింగ్ బల్లకి మార్చారు.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, నూక ఒకవైపు.
రసం తగలని పని.
చేతుల మీద నలుపు పొరలు పొరలుగా లేచిపోయి
కింద చర్మం
చంటిపిల్ల మడమలా ఉంది.
తనే నమ్మక, ముందు పిల్లి వీపు మీద నిమిరి చూసింది.
పిల్లికేం కాలేదు.

ఈ ఆదివారం నేనేమీ అడగలేదు.
తడి జుత్తుతో వెళ్ళి గడప ముందు కూర్చున్నాను,
ఆమెకు వీపు పెట్టి.
చాలాసేపు ఏమీ జరగలేదు.
వీధిలో గ్యాస్ బండివాడు వచ్చి వెళ్ళాడు.
వీపు మీద నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడొక వేలు
ఒక్క గిరజను పట్టి కిందికి లాగి
వదిలింది.
అది ఎగిరి మళ్ళీ చుట్టుకుంది.
"ఓలమ్మ," అంది అమ్మ.
ఇంకోటి లాగింది.