ఖాళీ బండి రొద

అరవై దాటగానే మొదలవుతుంది.
ఎనభై దగ్గర గొంతు మారుస్తుంది.
మూడు వారాలు తేనెటీగలదే అనుకున్నాను.
వెనక నలభై పెట్టెలు కట్టుకుని
చూయ్ లోయ నుంచి సూసమీర్ కొండపచ్చికలకు
రాత్రిళ్లు బండి తోలే మనిషిని,
రొద వినబడితే ఎక్కడిదని అడుగుతానా?

పెట్టెలన్నీ పూలమధ్య దించేశాను.
ఖాళీ గజెల్ ట్రక్కు
కనుమ దిగినంతసేపూ నోరు విప్పలేదు.
చదును రోడ్డెక్కాక
గుయ్య్‌మని అందుకుంది.
వెనక ఒక్క ఈగ లేదు.
నా వెన్ను చల్లబడింది.

కారాబాల్తాలో, పిండిమిల్లు వెనక, జపార్ షెడ్డు.
అతని ఎడమ చెవి సైన్యంలోనే పోయింది,
ట్యాంకుల కింద పడుకుని పడుకుని.
మిగిలిన చెవితో ఊరందరి ఇంజన్లూ వింటాడు.
“టైర్లు,” అన్నాడు చాయ్ గిన్నె దించకుండానే.
తారు మీదా కంకర మీదా ఒకే శ్రుతి, అన్నాను.
“అయితే చక్రం బేరింగ్.”

పక్కన కూర్చుని
స్టీరింగ్ ఇటూ అటూ ఊపమన్నాడు.
బరువు వాలిన వైపు బేరింగ్ అరుస్తుందట.
తాగినదానిలా నడిపాను.
కూడలిలో పోలీసు బక్తియార్ విజిల్ మరిచిపోయి
“ఏంటక్కా, తేనె పులిసిందా?” అని కేకేశాడు.
ఎటు వాల్చినా
రొద చెక్కు చెదరలేదు.

విసుగొచ్చి గ్యాస్ మీంచి కాలు తీశాను.
ఆగింది.
తొక్కాను. లేచింది.
తీశాను. లేదు.
జపార్ ఇంకా బేరింగుల గురించే చెబుతున్నాడు.

లాగేటప్పుడే ఏడుస్తోంది, అన్నాను,
దొర్లేటప్పుడు కాదు.

ఈ తేడా నాకు కొత్త కాదు.
రాణి ఉన్న పెట్టెను వేలితో తడితే
భుమ్మని లేచి వెంటనే సద్దుమణుగుతుంది.
రాణి పోయిన పెట్టె మూలుగు మొదలెడితే
ఆపడం తెలియదు దానికి,
అడుగు లేని బిందెలో నీళ్లు పోస్తున్నట్టు.
మా అత్త సైరాకన్ పొగ పెట్టకముందే
చెక్కకు చెంప ఆనించేది.
“కళ్లకి తొందరెక్కువే,” అనేది,
“అవి వచ్చేలోపు నువ్వు విని ఉండు.”

జపార్ ఇరుసు కిందికి దూరి బిరడా విప్పాడు.
నల్లటి నూనె బొట్టు బొట్టుగా డబ్బాలోకి.
అందులో వెండి రజను,
పండగనాటి కనురెప్పల మీద తళుకులా.
వేళ్ల మధ్య రుద్దాడు. లైటుకి పట్టాడు.
మళ్లీ రుద్దాడు.
“పినియన్,” అన్నాడు చాలాసేపటికి,
వినబడని చెవి నా వైపు తిప్పి,
నేను ఏమన్నా అనే వీల్లేకుండా.

రెండు రోజులు పట్టింది.
పళ్లకి పసుపు రంగు పూసి తిప్పడం,
ముద్ర అంచున పడితే
వెంట్రుకంత రేకు ఒకటి తీసేయడం,
మళ్లీ పూయడం, మళ్లీ తిప్పడం.
వాళ్ల అబ్బాయి ఎమిల్ ఒకటికి పదిసార్లు బోల్టులు బిగించి విప్పాడు.
డబ్బు సగమే తీసుకున్నాడు జపార్,
మిగతా సగానికి ఎస్పార్సెట్ తేనె, తెల్లది,
రెండు డబ్బాలు. బేరం తనదే.

ఆ రాత్రే మిగిలిన ఇరవైరెండు పెట్టెలు ఎక్కించాను.
డెబ్భై. ఎనభై.
ఏమీ లేదు.
గాలి, కిటికీ సందులో ఈల, అంతే.
ఇన్నాళ్లూ ఆ గుయ్‌రొదే
వెనక ప్రాణం ఉందని చెప్పేదేమో,
అది పోయేసరికి
పెట్టెలన్నీ చచ్చిపోయాయనిపించింది.

కనుమ మలుపులో బండి ఆపాను.
హెడ్‌లైట్లార్పితే నక్షత్రాలు మీద పడ్డాయి.
తాళ్ల మధ్య చేయి దూర్చి
అంచునున్న పెట్టెను ఒక్కసారి తట్టాను.

భుమ్.

ఇంకో పెట్టె తట్టాను.
ఇంకోటి.
ఇరవైరెండూ తట్టేదాకా
అక్కడే నిలబడ్డాను, చలిలో,
పదిహేడోది మాత్రం
కొంచెం ఎక్కువసేపు మూలిగింది.