దగ్గు

చిత్తూరు కోర్టు వెనకాల, జిరాక్సు కొట్టు దాటినాక
పాత రికార్డుల గదికి సున్నం కొట్టి
పిల్లల గది అని పేరు పెట్టినారు.
గోడ మీద కుందేలు బొమ్మ వేసినాయన
రంగు చాలక ఒక చెవే వేసి పోయినాడు.
ఆ ఒంటిచెవి కుందేలు కింద నా కుర్చీ.

నా పని చూడటం.
చూడనట్టు చూడటం.
శనివారం రెండింటికి రిజిస్టరు తెరిచి
వచ్చిన టైము, పోయిన టైము,
మధ్యలో జరిగింది రెండు లైన్లలో రాయటం.

మునిరత్నం ఒకటిన్నరకే వచ్చి మెట్ల కింద నిలబడతాడు.
చొక్కా జేబులో పలమనేరు బస్సు టికెట్టు,
గడ్డం తెగిన చోట పేపరు ముక్క.
లోహిత వాళ్ళమ్మ గేటు దాటి రాదు
స్కూటీ ఆపదు, ఇంజను ఆడతానే ఉంటుంది.
పాప జడకి రిబ్బను బిగించి, ఇంకోసారి బిగించి
చెయ్యి నా చేతికి అందిస్తుంది
ఇంటి తాళంచెవి ఇచ్చినట్టు.

మొదటి శనివారం నలభై నిమిషాలు
లోహిత నా కుర్చీ వెనకే కూర్చునింది.
"పోమ్మా, నాయన దగ్గరికి పో" అనటం తేలిక,
ప్లీడరు గుమస్తా కూడా అనగలడు.
నేను అనలేదు.
పాచికలు పోయిన పాముల పటం పరిచి
ఒకపక్క అరగదీసిన చింతపిక్కలు నేల మీద పోసినాను.
ఆయన పాము నోట్లో పడినప్పుడల్లా
పాప జానెడు ముందుకి జరిగింది.
గళ్ళు తప్పు లెక్కపెట్టి పడతా ఉండాడని నాకు తెలుసు.
అది రిజిస్టరులో రాయలేదు.

అమ్మ గురించి అడగరాదు.
వచ్చే నెల ఇది కొనిస్తా, అది కొనిస్తా అనరాదు.
ఫోను తియ్యరాదు.
ఏడవరాదు అని ఎక్కడా లేదు
కానీ అదీ ఉన్నట్టే ఉంటారు అందరూ.
మాట గీత దాటబోతే నేను దగ్గుతాను.
అంతే. అరవను, వేలు చూపను.
జలుబు లేని దగ్గు. పొడిది.

"ఇంటికి ఎవురెవురు వస్తారు పాపా" అని
గొంతు తగ్గించినాడు ఒకసారి.
దగ్గినాను.
కాసేపు గోడ చూసి
"ఈ కుందేలికి రెండో చెవి ఏమైంది" అన్నాడు.
"సగమే వినమని చెప్పుంటారు" అనింది పాప.

ఈ శనివారం ఊరంతా గుజ్జు ఫ్యాక్టరీల వాసన.
రోడ్డు పొడుగునా బెంగుళూరా కాయల ట్రాక్టర్లు.
మునిరత్నం డబ్బాలో ముక్కలు కోసుకొచ్చినాడు
ఉప్పూ కారం పొట్లంలో విడిగా.
ఏది తెచ్చినా ముందు నేను రుచి చూడాల.
పులుపుకి నా కన్ను మూసుకుంటే
పాప నవ్వింది.
ఆయన నవ్వలేదు, ఆ నవ్వునే చూస్తా ఉండాడు.

నాలుగో ముక్క దగ్గర గొంతు మారింది.
"అమ్మ" అని పూర్తిగా అననే లేదు,
నేను ఊపిరి తీసుకునేలోగా
లోహిత దగ్గింది.
పొడి దగ్గు. అచ్చం నాదే.
కారమనుకుని నీళ్ళకి లేచినాడు పాపం.
ఆ పిల్ల నా వైపు తిరిగింది
నేను చేసేసినాలే అన్నట్టు.

ఏడేళ్ళు.
పదకొండేళ్ళ నా ఉద్యోగాన్ని
ఆరు శనివారాల్లో నేర్చుకునింది.

దగ్గరికి పిలిచి చెవిలో చెప్పినాను,
"దగ్గేది నా పనమ్మా, జీతం నాకిస్తారు.
నువ్వు ముక్కలు తిను."
కాసేపు ఆలోచించి
"ఎంతిస్తారు?" అనింది.

నాలుగుకి ఐదు నిమిషాలుందనగా చెప్తాను, ఎప్పుడూ.
తలుపు పడినట్టు ముగియకూడదు.
పిక్కలు లెక్కపెట్టి సంచిలో పోసింది.
కొళాయి దగ్గర కుడిచెయ్యి కడుక్కునింది
సబ్బుతో రెండుసార్లు, వాసన చూసి మళ్ళీ.
ఎడమచెయ్యి గుప్పిట విప్పలేదు
గౌను జేబులోనే ఉండిపోయింది.
నేను అడగలేదు.

బయట స్కూటీ ఆడతా ఉంది.

రిజిస్టరులో రెండు లైన్లు:
పాప ఆహారం తీసుకున్నది.
మామూలుగా ఉన్నది.
సంతకం పెడతా ఉంటే
ఖాళీ గదిలో నిజం దగ్గు వచ్చింది నాకు,
కారం ఇంకా గొంతులోనే ఉన్నట్టుంది.