ఆఖరి పాలిష్

చీమకుర్తిలో మా నాయన రాయికి నునుపు నేర్పేవాడు.
బంగారు చుక్కల నల్లరాయి, నీళ్లు పారిస్తా
గరుకు నుంచి సన్నానికి ఏడు బిళ్లలు మార్చాలి.
ఆరో బిళ్ల దాకా మిషన్ తనే తిప్పేవాడు.
ఏడోది ఇంకోడి చేతికిచ్చి
బీడీ కాల్చుకోను షెడ్డు బయటికి పోయేవాడు.
ఏడో బిళ్ల తిరిగాక రాయి అద్దమైపోద్ది.
ఈ సంగతి నాకు పంతొమ్మిదేళ్లకు గాని ఎరుకపళ్లా.

ముందు నా ముఖం సంగతి.
మొటిమలంటే మొటిమలు కావు.
దవడ వెంబడి ఉడికే గడ్డలు,
తెల్లారేసరికి దిండు గలీబు మీద పసుప్పచ్చ చార.
పల్లీలు మానేశా. మామిడికాయ పచ్చడి మానేశా.
రవణమ్మత్త జాజికాయ అరగదీసి పూసింది.
కాలేజీ బస్సులో పక్క సీటు పిల్ల
నీళ్లు బాగా తాగవే అంది, బిందెలకొద్దీ తాగా.
అమ్మయితే వచ్చినోళ్లందరికీ ఒకటే చెప్పేది,
ముఖం సరిగ్గా కడగదు అని.
అమ్మ బుగ్గ మీద ఈగ వాలినా జారిపోద్ది.

ఒంగోల్లో చర్మం డాక్టరు హైమావతి గారు
నా చుబుకం పైకెత్తి చూసి, నన్నేమీ అడగలా.
నాయన్నడిగింది:
"మీ ఇంట్లో ఎవరికైనా ఇట్టా ఉండేదా?"

నాయన గడ్డం ఎప్పుడూ తీయడు.
మొక్కేమో అనుకునేవాళ్లం, పేరే మాలకొండయ్య గదా.
పెళ్లి ఫోటోలో పక్కకి తిరిగి ఉంటాడు,
అమ్మని చూస్తన్నాడని మురిసిపోయేవాళ్లం.

బయట ఎవరిదో టోకెను నంబరు పిలిచారు.
నాయన కుర్చీ కిటికీ వైపు జరుపుకుని
పేలు చూసినంత నిదానంగా
గడ్డం వెంట్రుకలు పాయ తీశాడు.
లోపల క్వారీ.
మందు పెట్టి పేల్చి వదిలేసిన గుంటలు.
"మా నాయనకి వీపంతా" అన్నాడు.
"చొక్కా విప్పంగా ఎవురూ చూళ్లా."

డాక్టరమ్మ కాగితం మీద డబ్బాలూ సున్నాలూ గీసి
మూడింటిని నల్లగా నింపింది.
ఒక్క జన్యువు కాదమ్మా, చానా ఉంటాయి, ఒక్కోటీ రవ్వంత.
నూనె ఎంత ఊరాలో ఒకటి, వాపు ఎంత రావాలో ఒకటి,
మానిన చోట ఏం మిగలాలో ఇంకోటి.
ఉంటే వచ్చి తీరుద్దనీ లేదు.
కడుక్కోకపోవడం వల్ల మాత్రం కాదు.
ఆ ఆఖరి ముక్క అమ్మ కోసం
సంతకం పెట్టించుకుని రావాల్సింది.

తిరుగు బస్సులో పేర్నమిట్ట దాటాక
"నీకిచ్చింది ఇదొకటి" అన్నాడు నాయన, కిటికీతో.
కోపమొచ్చింది నాకు, నిజం చెప్పాలంటే.
ఇచ్చినందుకు కాదు.
ఇన్నేళ్లు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటా
ఒక్క ముక్క చెప్పనందుకు.

ఇప్పుడు మాత్రలు మింగుతున్నా.
పెదాలు ఎండిన చెరువు మట్టల్లే నెర్రెలిచ్చినయ్యి,
నెలనెలా రక్తం ఇచ్చొస్తున్నా.
కొత్త గడ్డ లేచి మూడు వారాలైంది. పాతవి గుంటలైనయ్యి.
వాటికి ఏడో బిళ్ల ఉందో లేదో
ఇంకా అడగలా.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
తమ్ముడు మాల్యాద్రికి పన్నెండో ఏడు.
నిద్రపోతున్న వాడి మీదికి వంగి సెల్ లైటేసి చూశా.
ముక్కు పక్కన చిన్న చుక్క,
చెమటో, ఏమో.

అప్పుడు గుర్తొచ్చింది.
నాకు పన్నెండేళ్లప్పుడు
నిద్దట్లో కళ్ల మీద వెలుగు పడేది,
బీడీ వాసన దగ్గరకొచ్చి ఆగేది.
దోమల్ని చూస్తన్నాడనుకుని
అటు తిరిగి పడుకునేదాన్ని,
రెండో బుగ్గ కూడా చూపించి.