నూటికి నూరు

సెమిలిగుడ సంతరోడ్డులో
డబ్బా మీద ఎర్రక్షరాలు: నూటికి నూరు సామర్థ్యం.
"సగం కరెంటు మిగుల్తుంది దిదీ" అన్నాడు బిశోయి,
దేనిలో సగమో చెప్పకుండా.

రెండు కడ్డీలు. రెండు వేల వాట్లు.
నేను లెక్క కట్టేది రవికల్లో.
రాత్రి పదికి మొదలెట్టి రెండింటిదాకా
పెళ్ళివాళ్ళ బట్టలు కుడితే ఎనిమిది యూనిట్లు.
రెండు రాత్రులకి ఒక రవిక కూలి బూడిద.
బూడిదైనా మిగలదు. కుంపటికైతే మిగిలేది,
గిన్నెలు తోముకోడానికి.

బిల్లొచ్చిన రోజే
లైచన్ ముదులిని పిలిచాను, విప్పి చూడమని.
టెస్టరు పెట్టాడు. మళ్ళీ మూత బిగించాడు.
"ఇది దొంగ కాదు. తిన్నదంతా వేడిగానే కక్కుతోంది.
ఏడొందలదైనా ఇంతే, ఏడు వేలదైనా ఇంతే."
అగ్గిపుల్ల గీసి తలుపు కింద పెట్టాడు.
మంట నా వైపు వంగి
ఆరిపోయింది.

పుష్యమాసం పొడుగునా
దేవమాలి కొండ చలి కాచుకుంది
నా కూలితో.

ఆ రాత్రి మిషను కింద బుట్ట బోర్లించి
చంకముక్కలు, లైనింగు తునకలు, మెడ కత్తిరింపులు
పాత లంగా అంచులో కూరి
పాములా కుట్టి గడపకి అడ్డం వేశాను.
ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలన్నీ
నా తలుపు దగ్గర పడుకున్నాయి.

ఒక కడ్డీ ఆర్పేశాను.
వేళ్ళు సూదిని వదల్లేదు.

తెల్లారి నీళ్ళకని మెట్టెక్కి వెనక్కి చూస్తే
వీధిలో రేకులన్నీ మంచుకి తడిసున్నాయి.
నా ఇంటి రేకు,
సరిగ్గా మిషను పైన,
చాపంత మేర పొడిగా.