ఒక వరుస కింద ఖాళీ

ప్రాణహిత వంతెన దాటగానే
కిలోమీటరు రాయి చదవరాకుండా పోయింది.
సిరొంచ అనే ఉంటుందిలే అనుకున్నాను.

బస్టాండులో ఓదెలు.
"అచ్చినవా" అన్నాడు,
అచ్చం మా చెన్నూరులో అన్నట్టే.
అదే మాట. మరి భయమెందుకేసింది?

వాళ్ళింట్లో తెలుగు నోటిదాకానే.
కాగితం మీదికొస్తే మరాఠీ:
రేషన్ కార్డు, కరెంటు బిల్లు,
తలుపు వెనక అతని ఎత్తు కొలిచిన బొగ్గు గీతలు,
పక్కన ఏ సంవత్సరాలో ఏమో.
రేపటి నా మొగుడి చిన్నతనం ముందు
వేలిముద్రదాన్నై నిలబడ్డాను.

వాళ్ళమ్మ వేడి అటుకులు పెట్టింది, పైన సన్న కారప్పూస.
చెల్లెలు నా చెప్పులే చూస్తోంది.
నీళ్ళకని లేస్తే
గూట్లో, మందుల డబ్బా కింద,
మిర్చి ఏరే రోజుల్లో నేను రాసిన ఉత్తరం.

ప్రతి వరుస కిందా పెన్సిలుతో
అడ్డగీతకు వేలాడుతూ అతని అక్షరాలు,
దండెం మీద పిల్లల బట్టల్లా.
నా తెలుగేనట, అతనికొచ్చిన లిపిలో.

చదివి చెప్పిందెవరు?

అరుగు మీద అవ్వ అద్దాలు తుడుచుకుంటోంది.
వంతెన లేనప్పుడు పడవెక్కి
మా ఒడ్డు నుంచే వచ్చిన కోడలు.
ఆ ఇంట్లో తెలుగు చదివేది ఆమె ఒక్కతే.

రెండో పేజీలో ఒక్క వరుస కింద మాత్రం
పెన్సిలు లేదు.

నా వేలు అక్కడే ఆగడం చూసింది.
"గది నేను సదువలే బిడ్డా," అంది,
"ముసల్దాని నోట్లకెళ్ళి ఏం బాగుంటది?
నువ్వే చెప్పుకో."

అటుకులు చల్లారిపోతున్నాయి.
ఓదెలు చెల్లెలి సంచీలో
పెన్సిలు వెతుకుతున్నాడు.