ఒకటికి నాలుగు పాళ్లు

లాలాపేటలో మస్తాన్‌వలీ కొట్టు.
బల్ల మీద రెండూ పక్కపక్కనే పెట్టాడు.
"ఇది గాజు, నాలుగొందల యాభై.
ఇది ప్లాస్టిక్కు, నూట ఇరవై.
పడ్డా ఏం కాదు సిస్టరుగారూ, చూడండి"
నేను వద్దనేలోపే నేలకేసి కొట్టాడు.
అది రెండుసార్లు ఎగిరి
మిరపకాయల గోతాం పక్కన ఆగింది.

రెండింటికీ అడుగున ఎర్ర పువ్వులు,
నోళ్లు తెరుచుకుని.
తేనెపిట్ట కోసం.
బ్రాడీపేటలో మా మూడో అంతస్తు గ్రిల్లుకి వేలాడే
బొటనవేలంత పిట్ట కోసం.
ఎండలో నీలం, నీడలో నలుపు,
ముక్కు మాత్రం కుట్లు వేసే సూది వంపు.
ఎదురింటివాళ్లు కారు పెట్టుకోడానికి
నూరువరహాల చెట్టు కొట్టేశాక
పూలనుకుని నా ఎర్ర బట్టల క్లిప్పుల్ని పొడుస్తోంది.

మస్తాన్‌వలీకి తెలీదు,
ఈ బేరం నేనింతకు ముందే చూశాను.
పెద్దాసుపత్రిలో చేరిన కొత్తలో
సెలైనంటే గాజు సీసాయే.
తలకిందులుగా వేలాడుతూ
బుడగ బుడగగా గాలి పీల్చేది.
వార్డంతా నిద్రపోయాక
ఆ బుడగల్నే లెక్కపెట్టేదాన్ని.
నలకుంటే, లైటుకెదురు పడితే తెలిసిపోయేది.

ఒక రాత్రి చేయి జారింది.
పదకొండో మంచం, క్రోసూరు పిల్లాడు,
వాంతులు, విరేచనాలు.
వార్డులో ఉన్నది ఆ ఒక్క సీసా.
స్టోరు తాళం దొరికేదాకా ముప్పావుగంట
చెప్పుల్లేని కాళ్లతో వాళ్లమ్మ
ఆ తడిలోనే నిలబడింది.
పిల్లాడు బతికాడు.
తెల్లారాక ఆవిడ అరికాల్లో పెంకు తీస్తుంటే
"నీ చేతికేం తగల్లేదు గదమ్మా" అంది నన్ను.

తర్వాత సంచులొచ్చాయి.
పగలవు, నొక్కితే నలుగుతాయి, చప్పుడుండదు.
హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు.
చెత్తగదిలో మాత్రం
ఆ కుప్ప ఎంతకీ తగ్గేది కాదు.

"ఏదిమ్మంటారు?"

మే నెల తలుచుకున్నాను.
నీళ్లట్యాంకు మూతే మెత్తబడి వంకరపోయే ఎండ.
ప్లాస్టిక్కు ఏడాదికల్లా మసకబారుతుంది,
లోపల బూజు పట్టినా పైకి చెప్పదు.
గాజు అన్నీ చెప్పేస్తుంది,
పగిలేటప్పుడు మరీ గట్టిగా.

"గాజుదే ఇవ్వు."

చక్కెర ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు.
కాచి, చల్లార్చి,
ట్యూబులైటుకెదురు పట్టి చూసి మరీ కట్టాను.
సాయంత్రం గాలికి సీసా ఊచకి తగిలి
టంగుమంది.
పోపు పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాను.
ఇంకోసారి టంగుమంటే ఇంకోసారి.
రాత్రి రెండింటికి లేచి
పాత డ్యూటీ పెట్టెలోంచి దూది చుట్ట తీసి
గ్రిల్లు ఊచలకి కట్టు కట్టాను,
విరిగిన చేతికి కట్టినట్టు.

చీమలొచ్చాయి.
కింది వాటా జోజిబాబు వచ్చి
"షర్బత్తా అక్కా?" అన్నాడు.
పిట్ట రాలేదు.
రెండ్రోజులకోసారి పారబోయడం, కడగడం, కాచడం.
చక్కెర డబ్బా అడుగంటింది.

ఒక పొద్దున వచ్చింది.
మగది కాదు, దాని పెళ్లాం, పసుపు పొట్టది.
ఎర్ర పువ్వుల వైపు చూడనైనా లేదు.
దూది మీద వాలి
ఆ సూదిముక్కుతో ఒక్కొక్క పోగే లాగి
నోటినిండా తెల్లగా పట్టుకుని
కేబులు తీగల చిక్కులోకి ఎగిరిపోయింది.
మళ్లీ వచ్చింది.
మళ్లీ.

కట్టు వదులైంది.
సీసా ఊచకి తగిలి మోగుతోంది.
నేను కూర్చున్న చోటే కూర్చుని
పెట్టెలో దూది ఇంకెంత ఉందో
లెక్కేసుకుంటున్నాను.